ఎర్రగట్టు మీద నేలపగడం

మృగశిర కార్తె, చివరి రోజు

వాన తెరిపి ఇచ్చింది. పొద్దున్నే ఎర్రగట్టు నడకకు వెళ్లాను. గట్టు మీద చెట్లు చూసి రాసుకోవడం నా పని. గేటు దగ్గర మందుతొట్టిలో కాళ్లు ముంచాను. గేటు కాపలా చూసే సన్యాసప్పడు మావ నా పాదాలు చూసి, మళ్లీ ముంచమన్నాడు.

"మడాలు మునగనేదు గుంటా. అవెవులు కడుగుతారు, మీ అత్తా?"

"మా అత్త బతికుంటే నీ మడాలు కూడా కడిగించేది మావా."

"ఆ మడిసి కడిగించేదే," అన్నాడు. నవ్వలేదు. ఆయన గేటు దగ్గర నవ్వడు.

ఈ మందుతొట్టి మొక్కలు నాటిన తర్వాతి ఏడాది నుంచి ఉంది. అప్పుడు తెగులు వచ్చి సగం మొక్కలు పోయాయి. పాత అడవి నుంచి ఎవరి కాళ్లకో అంటుకుని వచ్చిందన్నారు. అప్పటి నుంచి తెల్లమందులో కాళ్లు కడగనిదే మెట్లూరు మనిషి ఎవరూ గట్టు ఎక్కకూడదు. కంచె దాటి పాత అడవికి పోకూడదు. పోయినవాళ్లకు శిక్షగా, తిండికి పాచి పెంచే తొట్లు కడిగే పని.

గట్టు మీద అన్నీ గుగ్గిలం చెట్లే. ముత్తాతల కాలంలో ఖనిజం కోసం గట్టు పైతోలు వలిచేశారు. సముద్రం పైకి వచ్చి మా వాళ్లు ఈ కొండలకు చేరాక, యంత్రాలు పెట్టి మొక్కలు నాటించారు. నాటిన రోజున నేను రెండు జడల పిల్లను. ఇప్పుడు పాపిట్లో తెలుపు వచ్చింది. చెట్లు మాత్రం, తూర్పు మూలవి కొన్ని తప్ప, నా భుజం దాటలేదు.

ఒక్కో వరసలో ఒక్కో చెట్టుకు చెవి బిగించి ఉంటుంది. బొత్తాం అంత ఉంటుంది. కాండంలో నీరు ఎక్కే చప్పుడు వింటుంది. బాగా ఎక్కితే ఆకుపచ్చ దీపం, తక్కువైతే పసుపు, ఆగిపోతే ఎరుపు. ఇవాళ అన్నీ పసుపే. నిన్నా పసుపే.

సభ పెద్ద తవిటమ్మక్క ముందే చెప్పింది. ఈ వానలకు కూడా చెట్లు కోలుకోకపోతే కొట్టేసి, గట్టు మీద పాచి తొట్లు పెడతారు. ఆమె తప్పేమీ లేదు. ఊళ్లో పిల్లలు పెరిగారు. పాచిరొట్టె చాలడం లేదు. నాకు వేరే పని ఇస్తామన్నారు. ఈ నడక రాత వానలు వెళ్లాక సభ చదువుతుంది కాబట్టి, ఆ సంగతి మీద నా మాట రాయను.

ఆరుద్ర కార్తె, రెండో రోజు

తూర్పు మూల వరసల్లో ఒకటి కనిపించింది.

మొదట ఎవరో పారేసిన దువ్వెన అనుకున్నాను. ఎర్ర మట్టిలో, చెట్టు మొదలుకు మూరెడు దూరంలో, పసుపు కలిపిన మీగడ రంగులో ఉంది. వంగి చూస్తే కొమ్మలు. మొదలు ఒకటే, లావుగా, తెల్లగా ఉంది. పైకి పోయేకొద్దీ రెండుగా చీలింది. ఆ రెండూ మళ్లీ చీలాయి. అలా చీలి చీలి గుప్పెడంత పొద అయింది. ఆకు లేదు, గొడుగు లేదు. పగడపు పుట్టగొడుగు.

ఇన్నేళ్ల నడకలో ఈ గట్టు మీద ఏ పుట్టగొడుగూ చూడలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాను. లేచేసరికి నడుము పట్టేసింది, లంగా తడిసిపోయింది.

పలక తీసి చూపించాను. ఏ ఆకు చూపించినా, పురుగు చూపించినా అది పేరు చెబుతుంది. దీనికి రెండు పేర్లు చెప్పింది. కట్టెపగడం కావచ్చు, నేలపగడం కావచ్చు. వానకు కొనలు చివికిపోయాయి కాబట్టి తేల్చలేనంది.

రెంటికీ చాలా తేడా ఉంది. కట్టెపగడం చచ్చిన కట్టెను తిని బతుకుతుంది. అది మొలిచిందంటే కింద కర్రముక్క కుళ్లుతోందని మాత్రమే అర్థం. నేలపగడం బతికున్న వేరును పట్టుకుని బతుకుతుంది. చెట్టుకు నీళ్లూ లవణాలూ అందిస్తుంది. చెట్టు దానికి తీపి పెడుతుంది. ఇలాంటి తోడు లేకుండా గుగ్గిలం ఎదగదని బడిలో చెప్పారు. నాటేటప్పుడు ఆ తోడును పొడి చేసి మట్టిలో కలిపారు. పట్టలేదు. మరో రెండుసార్లు కలిపారు. అప్పుడూ పట్టలేదు.

ఇది నేలపగడమైతే గట్టు బతకొచ్చు. సభకు చెప్పడానికి దిగివచ్చాను. దారిలో రెండుసార్లు జారాను. పరిగెత్తినట్టున్నాను.

ఆరుద్ర, మూడో రోజు

మెట్లూరులో ఎవరైనా సభకు ఒక మాట తీసుకెళ్తే, ఎదురుమాట చెప్పే మనిషిని సభ పెడుతుంది. ఆ మనిషి మొహమాటపడకూడదు. మనసులో ఏమున్నా ఎదురే చెప్పాలి. తగువు తేలేదాకా రెండు పూటలా ఆ మనిషికి అన్నం పెట్టాల్సింది మాట తెచ్చినవాళ్లే. తిండి పెట్టిన చేతిని చూసి కూడా కాదనగలిగితేనే అది నిజమైన ఎదురుమాట అని పెద్దల లెక్క.

తవిటమ్మక్క సన్యాసప్పడు మావను పెట్టింది.

"నానెందుకమ్మా? నాకు గేటు పనుంది," అన్నాడు మావ.

"గట్టు తెలిసినోళ్లు మీరిద్దరే కదా. రత్నం ఔనంటే నువ్వు కాదను. దానికేటి కష్టం? నీకు అలవాటే."

అందరూ నవ్వారు. మావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

రాత్రి మా ఇంటికి తిండికి వచ్చాడు. పాచిరొట్టె, చింతచిగురు పచ్చడి పెట్టాను.

"పచ్చట్లో ఉప్పు నేదు," అన్నాడు.

"ఇది కూడా ఎదురుమాటేనా?"

"కాదు. నిజంగానే నేదు."

ఆరుద్ర, నాలుగో రోజు

ఇద్దరం గట్టు ఎక్కాం. మావ పగడాన్ని చుట్టూ తిరిగి చూశాడు. ముట్టుకోలేదు.

"కింద తవ్వు. కర్రుంటాది."

"ఉండదు."

"యంత్రాలు మొక్కతోపాటు కర్రమేకు దిగ్గొట్టినాయి గదే. మర్సిపోనావా?"

మరిచిపోలేదు. ఆ మేకు చెట్టు మొదట్లో ఉంటుంది, ఇంత దూరం రాదు అనుకున్నాను. వేళ్లతో మట్టి తీశాను. జానెడు లోతున నా గోటికి ఏదో గట్టిగా తగిలింది. మేకు వాలిపోయి ఇటువైపు వచ్చింది. పగడం మొదలు దాని మీదే కూర్చుని ఉంది.

మావ గెలిచినవాడిలా లేడు. మట్టి మళ్లీ కప్పమని చెయ్యి ఊపాడు.

సాయంత్రం తవిటమ్మక్కకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె పునర్వసు కార్తె వెళ్లేదాకా గడువు ఇచ్చింది.

పచ్చడిలో ఉప్పు వేశాను. ఎక్కువైందన్నాడు.

ఆరుద్ర, పదో రోజు

ఐదు రోజులు వదలని వాన. ఇవాళ తూర్పు మూలలోనే ఇంకొకటి దొరికింది. మొదటిదానికన్నా పైన, వేరే వరసలో. నిన్న రాత్రి మొలిచినట్టుంది. కొనలు ఇంకా చెదరలేదు.

పొట్ట మీద పడుకుని చూశాను. కట్టెపగడం కొనలు బుల్లి కిరీటాల్లా ఉంటాయి. ఒక్కో కొమ్మ చివర గిన్నెలా గుంట, చుట్టూ ముళ్లు. వీటికి గుంట లేదు. పాలపళ్లలా మొద్దుగా, జంటలుగా ఉన్నాయి. గులాబీ రంగు మొదలై పైకి పసుపులోకి తిరిగింది. ఆ కొనల మీద ఒక్కో నీటిబొట్టు నిలిచి ఉంది. ఎంత బాగుందో రాయడం నా పని కాదు. బాగుంది.

మావను పిలుచుకొచ్చాను. ఆయనా పొట్ట మీద పడుకున్నాడు.

"పిల్లది. కిరీటాలు ఎదిగినాక ఒస్తాయి."

"పలక అలా చెప్పదు మావా."

"పలక పడుకుని సూసిందేటి? నాను సూసినాను."

ఒక కొమ్మ విరిచి వాసన చూశాడు. పారేశాడనుకున్నాను.

పునర్వసు కార్తె, మొదటి రోజు

పొద్దున గేటు దగ్గర మావ లేడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా లేదు. కేకేశాను. గేటు వెనక తుప్పల్లోంచి పలికాడు.

"ఇక్కడున్నాను. రాకు."

"ఏటైంది మావా?"

"ఏటీ అవనేదు. గాలి పీలుస్తున్నాను."

"ఎప్పటినించి?"

"తెల్లారకముందు నించి."

గేటు పాకలోకి తొంగిచూశాను. పొయ్యి మీద పెనం ఉంది. అడుగున నూనె, పక్కన మాడిన పసుపు కొమ్మ ముక్క.

"వేపుకు తిన్నావా?"

"ఎన్నాలే ఈ పాచిరొట్టె? నోరు సచ్చిపోనాది. కూసింతే తిన్నాను."

"పేరు తేలని దాన్ని తింటారా ఎవరైనా? నేలపగడాల్లో కొన్ని ఇలాగే కడుపు కడిగేస్తాయి. కట్టెపగడం అలా చెయ్యదు. అంటే..."

"నీ పచ్చడి సేసింది ఇది," అన్నాడు తుప్పల్లోంచి. "రాసుకో. ఎదురుమాట అదే."

ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పెద్ద చెంబుతో తెచ్చి, తుప్ప పక్కన పెట్టి, అటు తిరిగి నిలబడ్డాను. చెంబు ఖాళీ అయిన చప్పుడు విన్నాకే వచ్చాను. మధ్యాహ్నానికి తేరుకున్నాడు. తనే మందుతొట్టిలో నీళ్లు మార్చాడు.

సభకు మనవి: ఈ పగడాన్ని ఎవరూ తినవద్దు.

పునర్వసు, మూడో రోజు

పొడి పరీక్ష చేశాం. తవిటమ్మక్కను కూడా మా ఇంటికి పిలిచాను.

పగడం దాని కొమ్మల మీద విత్తనాల్లాంటి పొడి కాస్తుంది. కట్టెపగడం పొడి తెలుపు. నేలపగడం పొడి పసుపు ముదిరిన రంగు. నిన్న సాయంత్రం సగం తెల్లగుడ్డ, సగం నల్లగుడ్డ పరిచి, కొమ్మను రెండింటి మీదా పడుకోబెట్టి గిన్నె బోర్లించాను. ఇవాళ ముగ్గురి ముందూ గిన్నె ఎత్తాను. తెల్లగుడ్డ మీద కొమ్మ నీడలా పసుపు మరక.

గిన్నె కింద పెట్టేశాను.

"ఎర్రదుమ్ము," అన్నాడు మావ.

"గిన్నె లోపలకా?"

"మనూర్లో ఎర్రదుమ్ము ఎక్కడ దూరదే? అన్నంలో నేదా? పక్కలో నేదా? ఈ అమ్మ ముక్కుపుడకలో నేదా?"

తవిటమ్మక్క ముక్కుపుడక తడుముకుంది. "ఉంది," అంది.

మాట నిజమే. ఈ ఊళ్లో ఏ తెల్లగుడ్డా తెల్లగా ఉండదు. మళ్లీ చేశాం. ఈసారి మావే గిన్నె తోమాడు. గుడ్డలు ఉడకబెట్టాడు. గిన్నె అంచు చుట్టూ తడి పిండి అద్ది మూశాడు. దాని పక్కనే కొమ్మ లేకుండా ఇంకో గిన్నె అలాగే మూశాడు. "దుమ్మైతే రెండింట్లో పడాల. పగడమైతే ఒకదాన్లోనే," అన్నాడు. ఎదురుమాట చెప్పేవాడు ఇంత శ్రద్ధగా చెయ్యడం నేను చూడలేదు.

పునర్వసు, నాలుగో రోజు

ఖాళీ గిన్నె కింద గుడ్డ శుభ్రంగా ఉంది. కొమ్మ ఉన్న గిన్నె కింద పసుపు.

మావ గుడ్డను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"నేలపగడమే," అన్నాడు. "మేకు మీద కూకుంది గానీ మేకుది కాదు. నా ఎదురుమాట అయిపోనాది."

తవిటమ్మక్క లేవలేదు. "పేరు తేలింది. సంతోషం. అయితే రత్నం, గట్టంతా కలిపి రెండు గుబుర్లు. వాటికోసం గట్టు ఒగ్గీమంటే పిల్లలకేటి పెట్టను? మూడుసార్లు పొడి కలిపినా పట్టనిది ఇప్పుడెలా వచ్చింది? అది తెలిస్తే గట్టంతా తేవచ్చు. తెలీకపోతే ఇది రెండు పువ్వులు పూసినట్టే. పునర్వసు ఎల్లేలోగా చెప్పు."

మావ గుడ్డ మడత పెడుతున్నాడు. నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టాడు.

పునర్వసు, ఎనిమిదో రోజు

తూర్పు మూల చెట్లు మిగతావాటికన్నా కొంచెం ఎత్తని నాకు ముందే తెలుసు. అక్కడ వాలులో నీరు నిలుస్తుంది, అందుకేననుకున్నాను. ఇవాళ మూడో గుబురు, నాలుగో గుబురు దొరికాక, కిందికి దిగి పైకి చూశాను.

నీరు నిలిచే వాలు అడ్డంగా ఉంది. ఎత్తు చెట్లు అడ్డంగా లేవు. నిలువుగా, గట్టు కింద నుంచి పై కంచె దాకా, వరసల్ని కోసుకుంటూ వంకరగా పోతున్నాయి. ఒక మనిషి నడిచేంత వెడల్పు. నాలుగు పగడాలూ ఆ వంకరలోనే ఉన్నాయి. ఆ దారిలో ఒక్క చెట్టుకూ చెవి లేదు, అందుకే ఇన్నేళ్లు పసుపే చూశాను.

పై కంచె దాకా ఎక్కాను. ఒకచోట కింది తీగ పైకి వంగి ఉంది. ఎవరిదో వీపు రాసుకుని రాసుకుని నున్నబడింది.

ఈ గడువు కోసం నేనూ నియమం తప్పాను. తీగ కింద నుంచి దూరి పాత అడవిలోకి వెళ్లాను. సభ ఏ పని వేసినా చేస్తాను.

అవతల గుగ్గిలాలు ఆకాశంలో ఉన్నాయి. చిత్తడి నేల, మడమ లోతు ఆకుకుళ్లు. దారి జీలుగుమెట్ట అనే పల్లెకు దిగింది. మొదటి ఇంటి చూరు కింద ఒకావిడ వెదురు చిగుళ్లు తరుగుతోంది. పేరు సోనాయి అని తర్వాత చెప్పింది. నన్ను చూసి కత్తిపీట ఆపింది.

"గట్టు మీద నించి వచ్చావా? మీ ముసలోడేడీ?"

"ఏ ముసలోడు?"

"తుడుం కొట్టే ముసలోడు. రెండు సంతలైంది, రాలేదు. తాళం లేక మా ఆడోళ్లు థింసాలో ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటున్నారు. జొరమా?"

తుడుం అంటే వీళ్ల డోలు. థింసా వీళ్ల ఆడవాళ్లు చేతులు వెనకగా పెనవేసుకుని వరసగా ఆడే ఆట.

"జ్వరం కాదు. రెండు పూటలా మా ఇంట్లో తింటున్నాడు," అన్నాను. "ఎన్నేళ్ల నుంచి వస్తున్నాడు?"

"మా చిన్నదానికి పెళ్లి కాకముందు నించి. దానికిప్పుడు ఇద్దరు." సోనాయి నన్ను తేరిపార చూసింది. "మీ ఊళ్లో ఆయన్ని నవ్వనివ్వరంటగా?"

ఇంటి చుట్టూ చూశాను. చెట్ల కింద పసుపు, గులాబీ, మీగడ రంగుల్లో పగడాలు. కొన్ని పిల్లల తల అంత ఉన్నాయి. కోళ్లు వాటి మధ్య తిరుగుతున్నాయి. నేను ఒక్కోదాని ముందూ వంగుతూ లేస్తూ ఉంటే సోనాయికి నవ్వు ఆగలేదు.

"వీటికా మీ తగువు? వీటిని తొక్కకుండా మాకు అడుగు పడదు."

ఆ రాత్రి మావకు అన్నం పెట్టాను. వాదన అయిపోయినా సభ తేల్చేదాకా పెట్టాలి.

"సోనాయి అడిగింది," అన్నాను.

ముద్ద నోటి దగ్గర ఆగింది. తర్వాత తిన్నాడు. మెల్లగా నమిలాడు.

"సభలో సెప్పీస్తావేటి?"

"చెట్ల వరస గురించి చెబుతాను. మనిషి గురించి చెప్పను."

"వరస సెప్తే మడిసిని సెప్పినట్టే గదే. గేటు తాళం నా మొలకే ఉంది."

"అది నీ ఇష్టం మావా."

"ఇన్నేళ్లు ఊరందరి మడాలు కడిగించినాను." చేయి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు. "పసిపిల్లల్ని సంకనెత్తుకునొస్తే, ఆ పిల్లల మడాలూ ముంచమన్నాను."

పునర్వసు, చివరి రోజు

సభ మెట్ల మీద కూర్చుంది. వాన లేదు. ఊరంతా వచ్చింది. నేను నాలుగు గుబుర్లు, ఎత్తు చెట్ల వరస, తీగ సంగతి చెప్పాను. పాత అడవికి వెళ్లానని కూడా చెప్పాను.

తవిటమ్మక్క అడిగింది. "అయితే ఎవరో మనిషి పాత అడవి మట్టి కాళ్లతో ఆ దారిన నడిచాడు. ఒక్కసారి కాదు, ఏళ్ల తరబడి. ఎవరు?"

నేను తీగ సంగతే మళ్లీ చెప్పాను. ఆమె మళ్లీ అడిగింది. నేను నా చేతుల్ని చూసుకున్నాను.

"నానే," అన్నాడు మావ, లేచి. "గుంటనెందుకు పీకుతారు? నా కాల్లకి అంటుకునొచ్చింది. ఎల్లేటప్పుడు మందులో కడిగేవోణ్ణి. ఒచ్చేటప్పుడు సంత రాత్రి, అలిసిపోయి, అడ్డదారిన పడి ఒచ్చీసేవోణ్ణి. మందుతొట్టి అటేపు నేదు గదా."

"సంతలో నీకేటి పని?"

"తుడుం కొడతాను."

వెనక మెట్ల మీద ఎవరో ఆడమనిషి పకపక నవ్వింది. ఆ నవ్వు మెట్టు మెట్టు దిగి కింద దాకా వచ్చింది. మావ తలొంచుకోలేదు. "బాగా కొడతాను," అన్నాడు.

"అయితే మావా," అంది తవిటమ్మక్క, తనకీ నవ్వు వస్తుంటే ఆపుకుంటూ, "పొడి చేసి కలిపితే పట్టలేదు, తడి మట్టితో బతికొస్తే పట్టింది. ఇన్నేళ్లు మందులో కాళ్లు కడిగి కడిగి, గట్టుకి రావాల్సిన తోడును మేమే గేటు దగ్గర చంపేశాం. నువ్వొక్కడివే కడగలేదు."

"నానొక్కణ్ణే తప్పు సేసినాను. అది నిజిం. ఆ తెగులు మల్లీ ఒస్తాదేమోనని బయిం కూడా పడినాను. ఒచ్చుంటే ఈపాటికి ఆ వరసే ముందు సచ్చేది. అదే ఎదిగింది."

సభ చాలాసేపు మాట్లాడుకుంది. చెట్లు కొట్టడం ఆపాలంటే పాచి తొట్లు ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే మిగిలింది.

"మా ఇంటి మీద పెట్టండి," అన్నాను.

"నీ రేకు ఆగదు," అన్నారెవరో.

"దూలం వేసుకుంటాను."

"కారుతాది. కూర మీద పడతాది."

"ఈ మడిసి పచ్చడి మీద ఏటి పడినా రుసి పెరుగుతాదిలే," అన్నాడు మావ. తన పాక మీద కూడా ఒకటి పెట్టమన్నాడు. ఆ తర్వాత, మా ఇంటి మీదా పెట్టండని, మెట్టు మెట్టుగా చేతులు లేచాయి. అన్నీ లేవలేదు. చాలినన్ని లేచాయి.

నియమం తప్పిన ఇద్దరికీ శిక్ష పడింది. ఇళ్ల మీది తొట్లు వారానికోసారి కడగాలి. నా తొట్టి మావ కడగాలి, మావది నేను.

పుష్యమి కార్తె, ఐదో రోజు

ఇవాళ నడకకు నేను ఒక్కదాన్నే వెళ్లలేదు.

పై కంచె తీగలు విప్పేశారు. తెల్లారాక ఊరంతా ముందు పాత అడవికి పోయింది. చాలామంది అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. గుగ్గిలాల కింద నిలబడి తల వెనక్కి వంచి, వంచి, కొందరు వెనక్కి పడ్డారు. జీలుగుమెట్ట ఆడవాళ్లు ఎదురొచ్చారు. ఆ బురద ఎలా తొక్కాలో సోనాయి చూపించింది. మడమ దించి, తిప్పి, వేళ్ల సందుల్లోకి ఆకుకుళ్లు ఎక్కేలా తొక్కాలి. అదంతా వాళ్ల ఆటలో అడుగే. మా వాళ్లకు రాలేదు. ఒకరి మీద ఒకరు పడ్డారు.

పగడాలు ఎవరూ పీకవద్దని, ముదిరి పొడి కాసినవాటి పక్కన మాత్రమే తొక్కాలని ముందే చెప్పాను. వాటి పక్క చెట్టు మొదట్లో గుడ్డ గుర్తు కట్టాను. పిల్లలు ఒక్కో గుబురు దగ్గరా ఆగి అడిగారు. ఇది నేలపగడమా, కట్టెపగడమా? మోకాళ్ల మీద కూర్చుని కొనలు చూడమన్నాను. ఒక ఆడపిల్ల పడిపోయిన దుంగ మీద కట్టెపగడాన్ని తనే పట్టుకుంది. బుల్లి కిరీటాలు చూపించి, "దీనికి టోపీలున్నాయ్!" అని అరిచింది. పలక చూపించాం. అదీ ఔనంది. ఆ పిల్ల ఇంక ఎవరి మాటా వినలేదు. ముందు నడుస్తూ అందరికీ పేర్లు చెప్పింది. సగం తప్పు, సగం ఒప్పు.

ఆ బురద కాళ్లతోనే గట్టు మీదికి వచ్చాం. ఒక్కొక్కరికి ఒక్కో వరస పంచాను. ముందు తుడుం కట్టుకుని సన్యాసప్పడు మావ. గేటు దగ్గర చూసే మొహం కాదు అది. కళ్లు మూసుకుని కొడుతున్నాడు. మూడు దెబ్బలు కొట్టి ఒకటి వదిలేస్తున్నాడు. ఆ వదిలిన చోట అందరి అడుగూ పడుతోంది. నాకు నడకలో ఎప్పుడూ తాళం లేదు. ఇవాళ నా కాళ్లు కూడా తాళంలో పడ్డాయి.

తవిటమ్మక్క నా పక్క వరసలో నడిచింది.

"రేపే మొలుస్తాయా?" అని అడిగింది.

"మొలవవు."

"వచ్చే వానలకి?"

"చెప్పలేను అక్కా. ఆ దారి చెట్లు నా భుజం దాటడానికి ఏళ్లు పట్టింది. ఈ కాళ్లన్నిటికీ ఎన్నేళ్లో తెలీదు. కొన్ని వరసలు అసలు పట్టకపోవచ్చు."

"మరి ఇంత నమ్మకంగా తొక్కిస్తున్నావేం?"

జవాబు చెప్పేలోపే ఆమె కాలు జారింది. గుగ్గిలం మొక్క మొదట్లో చతికిలబడింది, చీర నిండా బురద. చుట్టుపక్కల వరసలు ఆగిపోయాయి. చెయ్యి అందించాను. మావ తుడుం ఆపకుండానే కేకేశాడు.

"లేపకే గుంటా! ఆ సెట్టుకి మంచిది. కాసేపు కూకోనీ!"

తవిటమ్మక్క నా చెయ్యి వదిలేసింది. ఆ చెట్టు కిందే కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది. లేచాక తన వరస పూర్తి చేసి, ఎవరూ అడగకుండానే పక్క వరసలోకి తిరిగింది.